నాలుగో కుర్చీ

ఎండ కాస్తే మేడ మీదికి, వాన పడితే గదిలోకి, ఆ నాలుగు కుర్చీలనూ మోసుకుని తిరిగింది కామాక్షి. అవి నాచారంలో మూతపడిన ఒక ఫ్యాక్టరీ గెస్ట్‌హౌస్‌వి. ఒకప్పుడు మిషన్లు బిగించడానికి వచ్చిన ఇటలీ ఇంజనీర్ల కోసం వాళ్ల దేశం నుంచే తెప్పించారట. పాత సామాను కొట్టు ముందు కాళ్లు పైకి పెట్టి పడి ఉంటే ఆటోలో ఉప్పల్‌లోని ఇంటికి చేర్చింది. నల్లబడిన రంగు గీకితే సన్నటి కాళ్లు, వీపుకు ఆనేచోట ఒద్దికగా వంగిన కర్ర బయటపడ్డాయి. కూర్చునే చోట మాత్రం ఖాళీ చట్రమే. ఆకివీడు నుంచి తమ్ముడు చాపలల్లే తుంగ పంపాడు. తడిపి, పురి పెట్టి, నాలుగు మూలల నుంచీ మధ్యకు అల్లుకొచ్చింది. ఒక మూల పురి వదులైందని అల్లినదంతా విప్పేసిన రోజు కూడా ఉంది.

ఈలోగా భర్త జగన్మోహన్ రిటైరయ్యాడు. ఆయన పాత డైరెక్టరు వెంకటరామయ్య దంపతులు భోజనానికి వస్తామన్నారు.

“ఆ చాప కుర్చీలు ఆయన కంట పడకూడదు,” అన్నాడు జగన్మోహన్. “టెంట్‌హౌస్ మొగిలయ్య కవర్లు తొడుగుతాడు. భోజనాలయ్యాక అతని బండిలోనే పంపించేద్దాం.”

“కవరు తొడిగితే బూజు పడుతుందండీ. తుంగకు గాలి ఆడాలి.”

“పోయేవాటికి బూజు పడితే ఎంత, పడకపోతే ఎంత?”

ఆదివారం ఆమె అరిటాకులు తీసుకుని వచ్చేసరికి కుర్చీలు తెల్ల ముసుగులు వేసుకుని, నడుముకు ఎర్ర రిబ్బన్లు కట్టుకుని ఫంక్షన్ హాల్లోలాగా నిలబడి ఉన్నాయి. ఆడపడుచు తారామణి దగ్గరుండి మొగిలయ్య చేత చివరి ముడి వేయిస్తోంది.

కామాక్షి ఆకులు బల్ల మీద పెట్టి ముడి విప్పింది.

“అమ్మా, సార్ జెప్పిండు గద,” అన్నాడు మొగిలయ్య.

“నేనూ విన్నాను. కవర్లు మడత పెట్టుకో.”

“వచ్చేవాళ్లను చాప మీద కూర్చోబెడతావా?” అంది తారామణి.

“మీ పెళ్లిలో మిమ్మల్ని కూర్చోబెట్టిందీ చాప మీదే కదా వదినగారూ. అప్పుడు లేచిపోలేదే.”

మొగిలయ్య నవ్వు దాచుకుంటూ రిబ్బన్లు చుట్టాడు. “నేను బండి కాడుంట. సార్ ఏమంటడో సూస్త,” అని మెట్లు దిగాడు.

ముసుగుల్లేని కుర్చీలు జగన్మోహన్ కంట పడేసరికే అతిథులు గుమ్మంలోకి వచ్చారు. దంపతులిద్దరూ, తారామణీ కూర్చున్నారు. నాలుగో కుర్చీ జగన్మోహన్‌ది. ఆ ఇంట్లో కామాక్షి తినేది అందరూ లేచాకే. అతను చేతులు కడుక్కుని వచ్చేసరికి ఆ కుర్చీలో ఆమె కూర్చుని ఉంది.

“మరి నేను?” అన్నాడు గొంతు తగ్గించి.

“తర్వాత తిందురుగాని. ముందు పప్పు వడ్డించండి. నెయ్యి మర్చిపోకండి.”

వెంకటరామయ్య సర్దుకుని కూర్చుంటే కింద తుంగ కిర్రుమంది.

“కొత్త అల్లికండీ, నేనే అల్లాను. సద్దుకుంటుంది,” అందామె.

“అప్పటిదాకా నేను సద్దుకుంటాలెండి,” అన్నాడాయన.

జగన్మోహన్ గరిటె పట్టుకుని ఆకు ఆకుకూ తిరిగాడు. పెరుగు దగ్గరికి వచ్చేసరికి మొగిలయ్య గుమ్మంలోంచి తొంగి చూశాడు.

“సార్, కుర్చీలు బండికి ఎక్కియ్యాల్నా?”

అందరూ తలలెత్తారు. జగన్మోహన్ భార్య వైపు చూశాడు. ఆమె పెరుగన్నం కలుపుకుంటోంది.

“నేను లేస్తే కదా ఎక్కించేది,” అంది కామాక్షి తల ఎత్తకుండా. “నేను లేవను మొగిలయ్యా. బండి తీసుకుపో.” తర్వాత భర్త వైపు తిరిగింది. “ఏమండీ, నాకు కాస్త ఆవకాయ.”

జగన్మోహన్ జాడీ కోసం వంటింట్లోకి వెళ్లాడు.