పైన ఒకరు, కింద ఒకరు

నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం ఒక్కటే. స్వరూపక్క ఎండకు కళ్లు తిరిగి ఏదో బిల్డింగు మీద పడిపోతే, కింద ఫ్యాన్లు వేసుకొని కూసున్నోళ్లకు సాయంత్రం దాకా తెల్వదు.

మేమిద్దరం మాణికేశ్వర్ నగర్‌లో పక్కపక్క గదులల్ల ఉంటం. నేను తొమ్మిదిలో బడి మానేసిన, అక్క బడి మొఖమే చూడలే. యూనివర్సిటీల ఆడోళ్లకు సోలార్ పని ఉచితంగా నేర్పుతున్నరంటే, గోడ అవతలే కదా అని పోయినం. నా కొడుకు ప్రణీత్ చెట్టు కింద ఆడుకునేటోడు. మేము కప్పు మీద సోలార్ ప్లేట్లు బిగించుడు, కడుగుడు నేర్చుకునేటోళ్లం.

నేర్పే విజయకుమారి మేడం మొదటి రోజే అన్నరు: "రాబోయేవన్నీ ఈ పనులేనమ్మా. కానీ ఒక్కళ్లే పైకెక్కకూడదు. ఒకరు పైన, ఒకరు కింద. కిందున్నావిడ పిలుస్తూ ఉండాలి, పైనున్నావిడ పలుకుతూ ఉండాలి. పలకలేదా, పరుగెత్తుకెళ్లడమే."

"ఉన్నవా అక్కా?" అని నేను అరిస్తే, "ఉన్ననే! నిన్ను ఇడిసి యాడికి పోత?" అనేది పైనుంచి. ఒక్కోసారి కావాలని పలుకకపోయేది. నేను ఆయాసపడుకుంట మెట్లెక్కి పోతే పగలబడి నవ్వేది.

నేర్చుకున్నంక తార్నాకలో అపార్ట్‌మెంట్ల మీద ప్లేట్లు కడిగే పని దొరికింది. కాంట్రాక్టరు నరహరి మొదట ఇద్దర్నీ జోడిగనే పంపిండు. నాకు మళ్లా కడుపు నిలిచింది. ఆరో నెల రాంగనే, "నువ్వు ఇంట్ల ఉండమ్మా, ఇంకొకళ్లను పంపుత" అన్నడు. పంపలే. అక్క ఒక్కతే పోతున్నది. ఎండకు ఖరాబైతదని ఫోను సంచిల పెడ్తది. చేస్తే ఎత్తదు.

మొన్న పానం ఆగక కొడుకును చంకనేసుకొని అక్క కడిగే బిల్డింగు కాడికి పోయిన. రోడ్డు మీద నిలబడి, "ఉన్నవా అక్కా?" అని అరిచిన. పలుకలే.

ఆ బిల్డింగు వాచ్‌మన్ ఇన్నయ్య నవ్విండు. "ఏందమ్మా, కూరగాయలు అమ్ముతున్నవా?"

మళ్లా అరిచిన. పాత అలవాటు కదా, ఆటలాడుతున్నదేమో అనుకున్న. మూడోసారి గూడ పలుకకపోయేసరికి కొడుకును ఇన్నయ్య చేతుల పెట్టి మెట్లెక్కిన.

అక్క నీళ్ల ట్యాంకు పక్కన ఒరిగి ఉన్నది. కక్కుకున్నది. పైపు నీళ్లు ఉత్తగనే పోతున్నయి. కొంగు తడిపి మొఖం తుడిస్తే కళ్లు తెరిచింది.

"నీ పిలుపు ఇనొచ్చిందే స్నేహలతా. నోరే లేవలే."

నరహరికి ఫోను చేసిన. "ఇద్దర్ని పెడితే నాకేం మిగుల్తది? చేతగాకుంటే మానేయమను" అన్నడు. అక్క నా చేతిల ఫోను గుంజుకున్నది. "వస్త సార్, రేపు వస్త."

"పిచ్చా అక్కా నీకు?"

"మానేస్తే మళ్లా ఇండ్లల్ల గిన్నెలు తోముడే. గీ పని నాకొచ్చు. నేను ఇడువ."

రేపు మా అమ్మ వచ్చి కాన్పుకు నన్ను సూర్యాపేటకు తోల్కపోతది. అక్క మాత్రం పొద్దుగాల్నే పైపు భుజానేసుకొని తార్నాకకు పోతది.

మీరు గా దిక్కు ఉండేటోళ్లయితే, మీ కప్పు మీద నీళ్ల సప్పుడు ఇనొస్తే, కొంచెం బయటికొచ్చి పిలువుండ్రి. "స్వరూపా, ఉన్నవా?" అనుండ్రి. పలికితే సరే. పలుకకుంటే ఆటలాడుతున్నదని అనుకోకుండ్రి. మెట్లెక్కి ఒక్కసారి చూడుండ్రి.