ఏ చేతికి వెయ్యమంటారు?

“కండ ఉన్న చోటే వేస్తారా? అయితే మా ఆవిడకి నాలుక మీద వేసెయ్యండి సిస్టర్, ఒళ్లంతటికీ కండ అక్కడే ఉంది.”

టీకాల గదిలో కూర్చున్నవాళ్లంతా నవ్వారు. అత్తగారైతే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది. ఏడుస్తున్న కొడుకు తొడ మీద దూది పట్టుకుని ఆమె కూడా ఒక నవ్వు పారేసింది. నవ్వకపోతే ఇంటికెళ్లాక ‘మహాతల్లికి జోకు కూడా అర్థంకాదు’ అని ఇంకోటి వినాలి. పసిపిల్లల భుజానికి ఇంకా కండ పట్టదు గనక తొడకి వేస్తాం, పెద్దవాళ్లకైతే భుజానికే అని నర్సు చెప్పినదానికి ఆయనగారి వ్యాఖ్యానం అది. పసివాడున్న ఇంట్లో పెద్దలూ వేయించుకోవాలని నర్సు అంటే, “ముందు దీనికి కానివ్వండి, నా సంగతి వచ్చే నెల చూద్దాం” అన్నాడు. సూదంటే ఆయనకి చచ్చేంత భయమని తెలిసింది ఆమెకొక్కదానికే.

“ఏ చేత్తో పని చేస్తారమ్మా? రెండో చేతికి వేస్తాను, కాస్త నొప్పిగా ఉంటుంది,” అంది నర్సు.

ఆమె నోరు తెరిచేలోగా, ఫోన్లోంచి తలెత్తకుండానే ఆయన జవాబు చెప్పేశాడు. “ఎడంచేతికి వేసెయ్యండి. ఇంటికెళ్లి వంట చెయ్యాలిగా.”

ఆమెది ఎడమచేతి వాటం. పదేళ్లుగా ఆయన తింటున్న కూరలన్నీ ఆ చేత్తో తరిగినవే. ఆయన చొక్కాల మీద ఇస్త్రీపెట్టె నడిచింది ఆ చేత్తోనే. జ్వరమొస్తే నుదుటి మీద పడిందీ ఆ చెయ్యే. ఇప్పుడన్నా గుర్తొస్తుందేమోనని ఆయన మొహంకేసి చూసింది. ఫోన్లో ఏదో వీడియో చూసి నవ్వుకుంటున్నాడు. అత్తగారు మనవడి సాక్సు సర్దుతోంది. ఎందాకా తెలీదో అదీ చూద్దామని, ఎడమ భుజమే చూపించింది.

తెల్లారేసరికి చెయ్యి కొయ్యబారిపోయింది. కుడిచేత్తో కత్తి పట్టుకుని ఉల్లిపాయతో పాటు వేలూ కోసుకుంది.

“సూది పడింది ఎడంచేతికేగా, కుడిచేతికేం రోగం?” అంది అత్తగారు.

“పదేళ్లయినా ఉల్లిపాయ తరగడం రాలేదమ్మా నీ కోడలికి,” అన్నాడాయన, పళ్లెం ముందుకి లాక్కుంటూ.

పిల్లాడి తొడకి మాత్రం తల్లీకొడుకులిద్దరూ వంతులేసుకుని ముద్దులు పెట్టారు.

తరువాతి నెల ఆయన వంతు రానే వచ్చింది. పొట్టిచేతుల చొక్కా వేసుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, కుర్చీలో బిగుసుకుపోయాడు. ఏ చేత్తో పని చేస్తారండీ అని నర్సు అడిగితే వినపడే స్థితిలో లేడు.

“ఎడమచేతి వాటం సిస్టర్ ఆయనది,” అంది ఆమె నెమ్మదిగా. “కుడిచేతికి వెయ్యండి.”

సూది దిగాక కళ్లు తెరిచాడు. తన భుజాన్ని తనే నమ్మలేనట్టు చూసుకున్నాడు.

“కుడిచేతికి వేయించావేంటే? పదేళ్లయింది కాపురానికొచ్చి! మొగుడు ఏ చేత్తో పని చేస్తాడో ఆమాత్రం తెలీదా నీకు?”

ఆమె ఆయన భుజం మీద దూది పెట్టి, ఎడంచేత్తో అదిమింది. కాస్త గట్టిగానే.