ఇంటూ మార్కు

నన్ను బడి మాన్పించింది మా నాయన కాదు, తిమ్మరాజు. రెండువేల ఆరులో హిందూపురంలో నెట్ సెంటర్ పెట్టి, నుదుట విబూది పూసుకుని కూర్చున్న పెద్దమనిషి. పేరు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అప్పుడు నాది తొమ్మిదో తరగతి. సైన్సు బొమ్మల కోసం వాడి సెంటర్‌కు పోయాను. తెర మీద ఒక పెట్టె వచ్చి అడ్డం పడింది. మూలన ఇంటూ మార్కు ఉంది కదా, మూసేద్దామని నొక్కాను. అంతే! సిగ్గుమాలిన బొమ్మలు ఒకదాని మీద ఒకటి పుట్టుకొచ్చాయి. తిమ్మరాజు చూసి, చింతపండు మండీలో మూటలు మోసే మా నాయన నరసప్ప దగ్గరికి నేరుగా పోయాడు.

"నీ కూతురు రేఖ ఏమేం బొమ్మలు చూస్తాందో కనుక్కో నరసప్పా" అన్నాడు, మండీలో పదిమంది ముందర.

మూయబోతే వచ్చాయని ఎంత ఏడ్చి చెప్పినా నాయన నమ్మలేదు. తల కొట్టేసినట్టయింది ఆయనకు. మరుసటి రోజు నుంచి నేను ఇంట్లోనే.

గుట్టు కనిపెట్టింది నా స్నేహితురాలు గ్రేస్.

"మౌసు బాణం నొక్కే చోటికి పోతే చెయ్యి గుర్తు అవుతాది గదా? ఆ పెట్టెలో యాడికి పోయినా చెయ్యేనే! యాడ నొక్కినా ఒకటే, ఆ ఇంటూ ఉత్త బొమ్మ. ఆ తిమ్మరాజు మాత్రం మౌసు ముట్టడు, కీబోర్డుతో మూస్తాడు" అంది.

అంటే దొంగకు తెలుసు. జనం నొక్కేకొద్దీ ఆ బొమ్మల సైటు వాళ్ళ నుంచి కమీషను వస్తుందని తానే దాన్ని అన్ని కంప్యూటర్లలో పెట్టుకున్నాడు. కమీషను వాడికి, చెడ్డపేరు నాకు! ఊరుకుంటానా?

దసరాకు సెంటర్లో ఆయుధపూజ పెట్టాడు. కంప్యూటర్లకు పసుపు కుంకుమ, చామంతి దండలు. మండీ వాళ్ళందరినీ పిలిచాడు. మా నాయన వెనకాలే నేనూ, గ్రేసూ పోయాం. పూజ చేసిన మిషను మీద మొదట ఇంటి పెద్దల చెయ్యి పడాలంట. వాళ్ళమ్మ సిద్దమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, తిమ్మరాజు బూడిద గుమ్మడికాయ కొట్టడానికి వాకిట్లోకి పోయాడు. ఆ సందులో గ్రేస్, ఆ పెట్టె వచ్చే పేజీ తెరిచింది. పెట్టె పడింది.

"ఇదేందే పాపా, అడ్డమొచ్చె?" అంది అవ్వ.

"ఏం లేదవ్వా. ఆ మూల ఇంటూ ఉండాది సూడు, నొక్కితే పోతాది" అని ఆమె చేతిని మౌసు మీద పెట్టాను.

నొక్కింది.

"అయ్యో నా తల్లీ!" అని అవ్వ కొంగుతో మొహం కప్పుకుంది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. "ఈ వయసులో ఇదేం సోకప్పా!" అన్నారు ఇంకెవరో.

తిమ్మరాజు కుంకుమ చేతులతోనే పరుగెత్తుకొచ్చాడు. "మాయమ్మను అంటే మర్యాద దక్కదు! ఆమె తప్పేముండాది? ఆ పెట్టెలో యాడ నొక్కినా అవే వస్తాయి!"

అందరూ నా వైపు తిరిగారు. అవ్వ ఏడుస్తోంది. పాపం అనిపించాలి. నాకు అనిపించలేదు.

నాయన నా మొహం చూడలేకపోయాడు. "పదమ్మా. రేపట్నుంచి బడికి పోదువు" అన్నాడు.

"పోతా నాయనా" అన్నాను, కదలకుండా. "ముందు ఆయప్పను ఆ మాట ఇంకోసారి చెప్పమను. మండీలో నిలబడి."