మబ్రూకా చేను

పొద్దున్నే రొట్టె కాల్చి మూట కట్టుకుని, మబ్రూకా తన గోధుమ చేను వెతుక్కుంటూ బయల్దేరింది. వెనకే ఆయాసపడుతూ సిహామ్, ట్యూనిస్ యూనివర్సిటీ నుంచి వచ్చిన పరిశోధకురాలు.

"నిన్న వాగు పక్కనే ఉంది కదా పిన్నీ?"

"అక్కడ తడి ఆరిపోయింది. ఎండుతూ కూర్చుంటుందా ఏమిటి?"

ఆ కొండల్లో మబ్రూకా చేను తడి వెంట నడిచేది. ఎవరి నేలలో ఆగితే వాళ్లకి మొదటి మోపు ఇచ్చి, మిగతాది ఆమె కోసుకునేది. ఊళ్లో ఆడవాళ్లంతా విత్తనం ఆమె దగ్గరే తీసుకునేవారు. ఆ రోజు చేను హమ్మాది ఆలివ్ తోటలో దొరికింది. "నీ చేను నా గాడిదని తోసేసిందే!" అని అరిచాడాయన. అరిచి, మొదటి మోపు ఎప్పుడిస్తావని అడిగాడు.

సిహామ్ చెడ్డది కాదు, ఆ మాట చెప్పుకోవాలి. ఓ టమాటా కంపెనీ తోటలు పోను మిగతా కొండంతా కౌలుకివ్వమని ప్రభుత్వాన్ని అడుగుతోంది. అక్కడ ఎవరూ పండించట్లేదంటోంది. కాదని చూపించడానికి ఆడవాళ్ల సంఘానికి కాగితం కావాలి. సిహామ్ రాసిస్తానంది.

"రాయి తల్లీ. పంపేముందు మాకోసారి చదివి వినిపించు," అంది మబ్రూకా.

"అలాగే పిన్నీ."

గడువు ముంచుకొచ్చింది. ఆఫీసుల్లో చేనంటే నాలుగు హద్దులుండాలి. సిహామ్ వాగు పక్కన కొలిచి, పటం గీసి, మబ్రూకా పేరు రాసి పంపేసింది. మళ్లీ కొండెక్కే తీరిక లేదట. పోనీ ఫోన్లో చదవచ్చుగా! అదీ చెయ్యలేదు.

పటం నెగ్గింది. వాగు పక్క ముక్క మబ్రూకాది, మిగతా కొండంతా కంపెనీది. సంఘం ఆడవాళ్లు నెత్తి కొట్టుకున్నారు.

ఆ ఏడు వానల్లేవు. కంపెనీ బోర్లు వేసి నీళ్లు పారించింది. చేను మాత్రం ఏం చేస్తుంది పాపం? పోయి టమాటాల మధ్య నిలబడి విరగపండింది. మబ్రూకా ఎప్పటిలాగే కొడవలి పట్టుకెళ్లి, మొదటి మోపు కాపలావాడి చేతిలో పెట్టి, మిగతాది కోసుకుంది. సాయంత్రానికి పోలీసులొచ్చి దొంగతనం కింద పట్టుకెళ్లారు.

జడ్జిగారిదీ ఆ కొండలే. వాళ్ల అమ్మమ్మ వాకిట్లో కూడా ఓ ఏడు ఆ చేను ఆగింది.

"నడుస్తుందని నాకూ తెలుసమ్మా. కాగితంలో మాత్రం ఈవిడ చేను వాగు పక్కనుంది." సాక్షిగా వచ్చిన సిహామ్ వైపు తిరిగారు. "ఈ పటం మీరు గీసిందేనా? సరైనదేనా?"

కాదంటే ఊరికి మిగిలిన ఆ ముక్క కూడా పోతుందనుకుంది సిహామ్. ఉద్యోగం కూడా గుర్తొచ్చింది, అబద్ధమెందుకు.

"సరైనదే," అంది.

మబ్రూకాకి జైలు. గోధుమలు కంపెనీకి అప్పగించారు, వాళ్లు కోళ్లకి వేసేశారు. విత్తే రోజులొస్తే ఊళ్లో గింజ లేదు.

సిహామ్ మళ్లీ వచ్చేసరికి ఆడవాళ్లు టమాటాలు కోయడానికి కంపెనీ ట్రక్కులో కిక్కిరిసి నిలబడి ఉన్నారు. ఆమె ఏడుస్తూ ట్రక్కు పట్టుకుంది.

"పిన్నిని విడిపించమని పై కోర్టుకి రాస్తాను. అంతా వివరంగా రాస్తాను."

"వద్దమ్మా," అంది పైనుంచి ఒకావిడ. "నీకు దణ్ణం పెడతాను, మా గురించి ఇంకేమీ రాయకు."