ఇద్దరు కావలెను

బూటులో పెట్టే అట్టముక్క రెండోసారి కత్తిరించాక గానీ సరిగ్గా కుదరలేదు. ఫినాయిల్ డబ్బాలొచ్చే పెట్టె అట్ట మందంగా ఉంటుంది, తడిని కాస్త ఆపుతుంది. శంకర్రావు దాన్ని ఎడమ బూటులోకి దూర్చి, కాలు పెట్టి, మడమతో నేలను తట్టాడు. ముంబైలోని ఆ పాత చాల్‌లో, వరస గదుల ముందు సాగే పై అంతస్తు గ్యాలరీ చెక్కలు బారుగా కదిలాయి. కింది అంతస్తు నుంచి ఎవరో మరాఠీలో తిట్టారు. రోజూ ఈ వేళకే తిడతారు కనక తనకు ఆలస్యం కాలేదని అతనికి తెలిసింది.

చొక్కా తెల్లది. కాలరు అరిగితే తిప్పి కుట్టించాడు. మెడలో తాడుకు వేలాడే కార్డు మీద 'ఏరియా మేనేజర్' అని ఉంది. ఏరియా నిజంగానే ఉంది, ఫోరస్ రోడ్ నుంచి గ్రాంట్ రోడ్ స్టేషన్ దాకా. మేనేజ్ చేయడానికి మాత్రం అతను తప్ప ఎవరూ లేరు. అరవైకి దగ్గరపడిన ఈ జీవితంలో ఎగ్జిక్యూటివ్‌కు తక్కువ హోదాలో అతనెన్నడూ పనిచేయలేదు. హోదాలు మారినా పని మారలేదు. సంచి భుజాన వేసుకుని తెలియనివాళ్ళ తలుపు తట్టడమే పని. సంచిలో మొదట పిల్లల విజ్ఞాన పుస్తకాలుండేవి. తర్వాత కత్తుల సెట్లు, నీళ్ళ ఫిల్టర్లు, కొన్నాళ్ళు మోకాళ్ళ నొప్పుల నూనె. ఇప్పుడు ఫినాయిలు, బొద్దింకల మందు. రెండు పెళ్ళి సంబంధాలు వచ్చాయి గానీ, అడిగిన ప్రతిసారీ కంపెనీ పేరు మారిపోతుండటంతో వాళ్ళే మెల్లిగా తప్పుకున్నారు.

పక్క గది వజ్రమ్మ చిన్న గిన్నెలో పాలకోవా పేడాలు పట్టుకుని వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, నడుస్తుంటే గోడను పట్టుకుంటుంది గానీ మాటకు ఏ ఆసరా అక్కర్లేదు.

"నోరు తీపి చేస్కో శంకర్. దర్శనకు పని దొరికింది."

దర్శన ఆమె మనవరాలు. తల్లీతండ్రీ లేని పిల్లను వజ్రమ్మే పెంచి, బీకాం దాకా చదివించింది.

"ఏం పని వజ్రక్కా?"

"ఆఫీసు పని. నాసిక్‌ల. ఉండనీకి రూము గూడ వాళ్ళే ఇస్తరు. మన కింది అంతస్తు స్వప్న తీస్కపోతుంది. సాయంత్రమే బస్సు."

స్వప్న పోయిన వానాకాలంలో నాసిక్ వెళ్ళింది. నిన్న నల్ల కోటు వేసుకుని తిరిగొచ్చింది. ఆ కోటును చూడటానికి నిన్నంతా చాల్‌లో ఆడవాళ్ళు ఏదో ఒక పని కల్పించుకుని కిందికి దిగుతూనే ఉన్నారు.

తడి జుట్టు తువ్వాలుతో చుట్టుకుని దర్శన బయటికొచ్చింది. అడగకుండానే ఫోన్ చేతికిచ్చింది. "చూడు కాకా, మస్త్ ఉంది కదా?"

శంకర్రావు ఫోన్‌ను చెయ్యి చాచినంత దూరం పెట్టి చదివాడు. ఫ్రెషర్లకు సువర్ణావకాశం. ఆఫీసు పని, మార్కెటింగ్ కాదు. అనుభవం అక్కర్లేదు. ఆదాయానికి హద్దు లేదు. వెంటనే చేరవలెను. కంపెనీ పేరు ఎక్కడా లేదు. 'స్వప్న మేడం' అని ఒక ఫోన్ నంబరు మాత్రం ఉంది.

పాత చుట్టం కొత్త బట్టలు కట్టుకుని ఎదురుపడినట్టుంది. మార్కెటింగ్ కాదని ముందే చెప్పేవాడు చేయించేది మార్కెటింగే. పప్పుల దుకాణంవాడెవడూ తనది మంగలి షాపు కాదని బోర్డు పెట్టుకోడు. ఆదాయానికి హద్దు లేదంటే జీతం లేదని. వెంటనే చేరమనడం, ఎవరినైనా అడిగే తీరిక ఇవ్వకుండా ఉండటానికి.

"కంపెనీ పేరేంది బిడ్డా?"

"జాయిన్ అయినంక చెప్తరంట."

"జీతం?"

"అది మన కష్టం మీద ఉంటదంట కాకా."

"పొద్దుగాల్నే పోలీసోని లెక్క ఏందా అడుగుడు? తిను ముందు," అంది వజ్రమ్మ.

తిన్నాడు. పేడా మాత్రం అసలుదే.

*

పాలమూరు పల్లెల నుంచి ఈ గల్లీలకు మనుషులు వచ్చింది ప్రకటనలు చూసి కాదు. గుంపు మేస్త్రి ఒకణ్ణి తెచ్చాడు. వాడు పని కుదిరాక ఊరికి పోయి మరో ఇద్దర్ని తెచ్చాడు. ఆ ఇద్దరూ తలా ఇద్దర్ని తెచ్చారు. కామాటిపుర అలాగే నిండింది. తర్వాత ఊరంతా ఆ పేరును సానివాడల పేరుగానే ఎరిగింది. పనిలో కుదిరినవాడు ఇంకో ఇద్దర్ని కుదర్చకపోతే వాడు మనిషి కింద లెక్క కాదు.

ఆ లెక్కన శంకర్రావు మనిషి కాదు. ఇన్ని కంపెనీలు తిరిగి చాల్ నుంచి ఒక్కరినీ పనిలో పెట్టించలేదు. ప్రతి కంపెనీ ఇద్దర్ని తీసుకురమ్మనే అడిగింది. ప్రతిసారీ అతను మావాళ్ళంతా ఊళ్ళో ఉన్నారు సార్ అన్నాడు. ఎందుకు తేలేదో చాల్‌లో ఎవరికీ చెప్పలేదు. చెప్పాలంటే తను చేస్తున్నదేమిటో చెప్పాలి. మావాడు ఆఫీసర్ అని అతని తల్లి చనిపోయేదాకా కుళాయి దగ్గర చెప్పుకుంది. దాంతో స్వార్థపరుడన్న పేరును అతను కాలరు తిప్పి కుట్టించుకున్నంత మామూలుగా వేసుకు తిరిగాడు.

ఆ రోజు ఫోరస్ రోడ్‌లో తాళాలు చేసే కార్ఖానాలో ఒక డబ్బా అమ్మాడు. పక్క హోటల్ యజమాని సంచి చూడగానే చెయ్యి ఊపాడు. శంకర్రావు నవ్వాడు. పొమ్మన్నప్పుడు నవ్వాలని మొదటి కంపెనీలో నేర్పారు. ఇరవై ఏళ్ళ వయసులో, పొద్దున్నే ఒక హాలులో నిలబెట్టి, నేను గెలుస్తాను అని గట్టిగా అరిపించేవాళ్ళు. అరుపు ఎప్పుడో మానేశాడు గానీ నవ్వు ముఖానికి అతుక్కుపోయింది. తల్లి దినం రోజున కూడా వచ్చినవాళ్ళను చూసి అలాగే నవ్వితే బంధువులు అదోలా చూశారు.

గ్రాంట్ రోడ్ స్టేషన్ బయట టీ బండి దగ్గర స్వప్న కనిపించింది. నల్ల కోటు, భుజాన పెద్ద సంచి. ఒక కాలు బూటులోంచి తీసి మరో కాలి మీద ఆనించి కొంగలా నిలబడింది. బూటు మడమ బయటివైపు వాలుగా అరిగిపోయింది. కుర్చీలో కూర్చునే ఉద్యోగంలో బూటు అలా అరగదు.

"చాయ్ తాగుతవా, మేడం?"

స్వప్న గబుక్కున కాలు బూటులో పెట్టింది. "ఏం కాకా, మజాక్ చేస్తున్నవా?"

"దినాం ఎన్ని మెట్లు ఎక్కిపిస్తున్నరు?"

ఆమె ముఖంలో ఏదో సర్దుకోబోయి, సర్దుకోలేక ఊరుకుంది. "లిఫ్టు ఉన్న బిల్డింగులల్ల వాచ్‌మన్ రానియ్యడు కదా," అంది.

"నాకు తెల్వదా. ఏం అమ్ముతున్నవ్?"

"పౌడర్. బరువు తగ్గనీకి. ఒక్కరు గూడ కొంటలేరు. మనుషుల్ని తేవాలె కాకా. ఇద్దర్ని తెస్తే లీడర్‌ని చేస్తరు, తిరుగుడు బంద్. తేకుంటే నా సర్టిఫికెట్లు వాపస్ ఇయ్యరు."

"దర్శన సర్టిఫికెట్లు గూడ తీస్కున్నవా?"

స్వప్న టీ మీద ఊదింది. భుజాన సంచిని ఇంకో వైపుకు మార్చుకుంది.

"ఇదొక్కతే దొరికింది. ఇంకొకరు లేకుంటే ఇది గూడ లెక్కకు రాదు. వట్టిగనే తీస్కపోయినట్టు."

"విడిచిపెట్టి ఇంటికి వచ్చెయ్యి బిడ్డా."

"వచ్చి ఏం చెప్పాలె? మా అమ్మ గల్లీ అంత పేడాలు పంచింది."

"నేను చెప్త దర్శనకు."

"చెప్పు," అంది స్వప్న. కోపంగా అనలేదు. "నీ మాట నమ్మాల్నంటే, నువ్వెవరో గూడ చెప్పాలె గదా కాకా."

ఇద్దరూ టీ పూర్తిచేశారు. కాగితం కప్పులు బండి కింది బుట్టలో ఒకేలా వేశారు, మడిచి.

*

మధ్యాహ్నం ఎండలో శంకర్రావు ఇంటికి తిరిగొచ్చాడు. ఆ వేళలో అతను మెట్లెక్కడం చూసి ఎవరికో ఒంట్లో బాగాలేదేమోనని కింది అంతస్తువాళ్ళు తలలు బయటపెట్టారు.

వజ్రమ్మ గదిలో దర్శన బట్టలు మడత పెడుతోంది, పక్కన వజ్రమ్మ ఒక గుండీ కుడుతోంది. శంకర్రావు గుమ్మంలో నిలబడ్డాడు. 'ఒక్క నిమిషం మీ సమయం' అన్న మాట అలవాటుగా నాలుక మీదికి వచ్చింది. మింగేసి, అంతా చెప్పాడు. పౌడర్ సంగతి, మెట్ల సంగతి, సర్టిఫికెట్ల సంగతి. ఇద్దర్ని తెస్తేనే నిలబడనిస్తారన్నది కూడా చెప్పాడు.

"ఇద్దర్ని తెమ్మంటే తప్పేంది?" అంది వజ్రమ్మ. "మేస్త్రి మా మామను తెచ్చిండు. మా మామ మీ తాతను తెచ్చిండు. తేకుంటే నువ్వేడుంటుంటివి?"

"మేస్త్రి గుంపుతోనే తిన్నడు, గుంపుతోనే పండుకున్నడు వజ్రక్కా. వీళ్ళు మొఖం గూడ చూపియ్యరు."

"నువ్వు ఒక్కర్నీ తేలే. నీకేం తెలుసు."

ఇక మిగిలింది ఒకటే. ఇన్నాళ్ళూ దాచుకున్నది. శంకర్రావు మెడలోని కార్డు తీసి చేతిలో పట్టుకున్నాడు. "నేను ఆఫీసర్‌ను కాదు. ఎన్నడూ కాలే. గిట్లాంటి కాగితమే చూసి పోయిన. అప్పటిసంది ఇండ్లెంబడి తిరుగుతున్న."

గదిలో ఎవరూ ఉలిక్కిపడలేదు. వజ్రమ్మ దారం పోగును పళ్ళతో తెంపింది.

"అది గల్లీల ఎవలకు తెల్వదు శంకర్? ఫినాయిల్ వాసనకు ముక్కు లేనోనికి గూడ తెలుస్తది. మీ అమ్మకు తెల్వదనుకున్నవా?"

శంకర్రావు కార్డును మళ్ళీ మెడలో వేసుకున్నాడు. తాడు చెవికి చిక్కుకుంటే దర్శనే లేచి సరిచేసింది.

"కాకా, నేను ఎన్ని తావుల తిరిగిన్నో నీకు తెల్వదు," అంది నెమ్మదిగా. "అంత మంచిగనే మాట్లాడ్తరు. ఆధార్ కార్డు చూస్తరు. కామాటిపుర అని చూడంగనే ఫోన్ చేస్తమంటరు. ఒకడైతే పక్కోనికి చూపిచ్చి నవ్విండు. వీళ్ళు అడ్రస్ చూడనే లేదు."

"వాళ్ళు ఎవ్వరి అడ్రస్ చూడరు బిడ్డా. వాళ్ళకే ఒక అడ్రస్ లేదు."

"నీకైతే ఇన్నేండ్లు పని దొరుకుతనే ఉంది గదా? బతుకుతనే ఉన్నవు గదా?"

కొననన్నవాడికి ఏం చెప్పాలో ప్రతి కంపెనీలో నేర్పారు. ధర ఎక్కువంటే ఒక జవాబు, మా ఆయన్నడగాలంటే ఒక జవాబు. నువ్వు బతికే ఉన్నావు కదా అంటే చెప్పాల్సిన జవాబు ఎవరూ నేర్పలేదు.

ఏ మాటా పనిచేయనప్పుడు భయం అమ్మాలి. అది మాత్రం నేర్పారు. అతను వజ్రమ్మ వైపు తిరిగాడు.

"ఆడపిల్ల. తెల్వని ఊరు, తెల్వని రూము. ఒక్కతే పోతది. రేపు ఏమన్న అయితే పక్కన మనోళ్ళు ఎవరుంటరు? అది సోంచాయించినవా?"

వజ్రమ్మ చేతిలో సూది ఆగింది. కొనేవాళ్ళ చెయ్యి అలాగే ఆగుతుంది. ఆ క్షణం అతను ఎన్నో గుమ్మాల ముందు నిలబడి ఎదురుచూసిన క్షణమే.

"నిజమే," అంది వజ్రమ్మ సూదిని గుడ్డకు గుచ్చి. "ఒక్కదాన్ని పంపుడు మంచిది గాదు."

శంకర్రావు గుమ్మంలోంచి వెనక్కి తిరిగాడు. సరుకు తీసుకున్నాక ఎక్కువ మాట్లాడకూడదు. తన గదిలోకి పోయి, బూట్లు విప్పి, పగటిపూట పడుకున్నాడు. చెమటకు తడిసి మెత్తబడిన అట్టముక్కను ఎండ తగిలేలా కిటికీలో పెట్టాడు. జీవితంలో మొదటిసారి, కొన్నవాళ్ళకు మేలుచేసే సరుకు ఒకటి అమ్మానన్న తృప్తితో నిద్రపట్టింది.

*

ట్యాక్సీ హారన్‌కు మెలకువ వచ్చింది. గ్యాలరీలో జనం. దర్శన కొత్త పంజాబీ డ్రెస్సులో ఉంది. పక్కనే చివరి గది పూనం, ఆమె కూడా నుదుట బొట్టుతో, చేతిలో సంచితో. తెలుగు అర్థమవుతుంది గానీ ఆ పిల్ల మాట్లాడదు.

"కాకా, మీ పణ్ చాల్లే!" తనూ పోతున్నానని మరాఠీలో చెప్పి, సంబరంగా నవ్వింది.

"నువ్వు చెప్పింది సోంచాయించిన శంకర్," అంది వజ్రమ్మ. ఇద్దరి నోట్లోనూ చెంచాతో పెరుగు, చక్కెర పెడుతోంది. "ఒక్కదాన్ని పంపుడు మన రివాజు గాదు. పూనం వాళ్ళమ్మ దగ్గర కూసోని ఒప్పిచ్చిన. పాపం, దానికి గూడ పని లేకపాయె. జోడుంటే ధైర్యం."

శంకర్రావు ఏదో అనబోయాడు. నోరు తెరిస్తే ముఖం దానంతటదే నవ్వింది. పూనం వాళ్ళమ్మ ఆ నవ్వు చూసి, ఆశీర్వదిస్తున్నాడనుకుని, కూతుర్ని అతని కాళ్ళకు దండం పెట్టమంది. పెట్టింది. దర్శన కూడా పెట్టింది.

స్వప్న అందరికంటే ముందు మెట్ల వైపు నడిచింది. అతని పక్కన ఒక్క క్షణం ఆగింది. "థ్యాంక్యూ కాకా," అంది. ఎగతాళి లేదు. నిజంగానే అంది.

మెట్లు నిటారుగా ఉంటాయి, తాడు పట్టుకుని దిగాలి. బరువు మోయడం అలవాటైన భుజం అతనిదొక్కటే కనక పెద్ద సంచి అతనే మోశాడు. ట్యాక్సీ వెనక పెట్టి, కిటికీ దగ్గర వంగాడు.

"దర్శనా, దినాం ఒక్కసారి ఫోన్ చెయ్యి. ఏ జాగల ఉన్నవో చెప్పు. నేనొస్త."

"చేస్త కాకా. టెన్షన్ తీస్కోకు." ట్యాక్సీ కదిలాక కూడా ఆమె చెయ్యి ఊపుతూనే ఉంది. గల్లీ మలుపు దగ్గర ఆ చెయ్యి లోపలికి వెళ్ళిపోయింది.

పైకి వచ్చేసరికి వజ్రమ్మ గదిలో నేల మీద కూర్చుని ఉంది. మడత పెట్టిన పరుపును ఊరికే నిమురుతోంది. శంకర్రావు గుమ్మంలోనే నిలబడ్డాడు. గోడ మీది స్విచ్ బోర్డుకు దర్శన ఫోన్ ఛార్జర్ అలాగే వేలాడుతోంది.

"పిల్ల ఛార్జర్ మరిచిపోయింది వజ్రక్కా. బస్సు కాడికి ఉరుకుతే అందుతది."

"మర్వలే. స్వప్ననే వద్దన్నది. ట్రెయినింగ్ అయ్యేదాక ఫోన్లు ఆఫీసోళ్ళే పెట్టుకుంటరంట, మనకు పని లేదన్నది."

అతను స్విచ్ ఆపలేదు. తెల్ల వైరు చీలినచోట దర్శన జడకు పెట్టుకునే గులాబీ రబ్బరు చుట్టి ఉంది. దాని కొస, పెట్టుకునే ఫోన్ లేక, నేలకు జానెడు పైన కాసేపు ఊగి, ఆగింది.