కూలరు తాగించిన పొర

పులివెందులలో మే నెల గాలికి తేమ ఉందంటే ఎవరైనా నవ్విపోతారు. అక్కడి కాలేజీలో పనిచేసే ప్రసన్నకుమారి ధీమా కూడా అదే. హైడ్రోజన్‌తో కరెంటు పుట్టించే ఫ్యూయల్ సెల్ లోపల పల్చటి పాలిమర్ పొర ఒకటి ఉంటుంది. అది తడిగా ఉంటేనే పని చేస్తుంది, ఎండిందా ఇక అంతే. తాను తయారుచేసిన పొర మాత్రం ఎండుగాలిలోనూ పని చేస్తుందని ఆమె పరిశోధన పత్రం రాసింది. కాలేజీవాళ్లు శాలువా కప్పారు.

ప్రొద్దుటూరులో మరో కాలేజీలో పనిచేసే సుధీర్ ఆ పత్రం చూసి, అందులో చెప్పినట్టే ద్రావణం పోసి ఆరబెట్టి అదే పొర తయారుచేశాడు. కరెంటు రాలేదు. సదస్సులో లేచి ఆ సంగతి అడిగాడు పాపం. "పొర పోసేది చేతగాక నన్నంటే ఎట్లప్పా?" అందామె, మైకులోనే. హాలంతా గొల్లుమంది.

ఇవాళ అతను తన పొర పట్టుకుని, తప్పెక్కడో చూపించమని ఆమె ల్యాబ్‌కే వచ్చాడు. గదిలోని గాలి పీల్చుకుని నడిచే చిన్న సెల్‌లో ఆమె దాన్ని బిగించింది. మీటరులో అంకె చకచకా పెరిగింది.

"నువ్వు బిగిస్తే పలికింది సూడక్కా. మా ల్యాబులో ఏసీ గూడా ఉంది, అయినా నాతో కాలేదు. ఇంక మానుకుంటాండా. మా మామ బంగారు అంగట్లో కూచుంటా."

అంతలో అంకె పడిపోసాగింది. సుధీర్ గభాలున బల్ల మీది చెయ్యి తీసేశాడు. "మళ్లీ నేనే ఏందో చేసినట్టుండా అక్కా."

ఆమె కిటికీ వైపు చూసింది. అక్కడి కూలరులో నీళ్లు అయిపోయి గడ్డి తెరలు ఎండిపోయాయి. ఏసీ గాలిని ఆరబెడుతుంది, కూలరు తడుపుతుంది. గదిలో తేమ కొలవకుండా, వాతావరణ శాఖ చెప్పిన అంకె పత్రంలో ఎక్కించి ఊరుకుంది తాను.

అప్పుడైనా నోరు విప్పిందా? లేదు. "ఉక్కపోస్తాంది" అంటూ బకెట్ తెచ్చి కూలరులో నీళ్లు పోసింది. అంకె మళ్లీ లేచింది.

"నీ చేతిలో ఏందో మహిమ ఉందక్కా!" సుధీర్ రెండు చేతులూ జోడించాడు.

ఆ దండం చూసి ఆమెకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. లేచి కూలరు ఆపేసింది, తలుపులన్నీ బార్లా తెరిచింది. వడగాలి లోపలికొచ్చింది. అంకె సున్నాకు దిగేదాకా నిలబడి, ఉన్నదంతా చెప్పింది. పత్రం వెనక్కి తీసుకుంటానంది.

అతను అరుస్తాడనుకుంది. అరిస్తే బాగుండుననుకుంది.

"అయితే అక్కా," అన్నాడు సుధీర్ మెల్లగా, "నేను సక్కగానే పోసినానా?"