తెల్లవారుజాము నాడి

మా అమ్మాయి బాక్సింగ్ నేర్చుకుంటోంది. ఆమెకు కసరత్తు చేయించే మాస్టారు ఒక నోటు పుస్తకం ఇచ్చారు. రోజూ తెల్లవారుజామున, అమ్మాయి నిద్ర లేవకముందే, నాడి నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో ఎవరైనా చూసి అందులో రాయాలి. ఆమెకు మామూలుగా యాభై ఆరు. దానికి పది పెరిగితే నిన్నటి శ్రమ నుంచి ఒళ్ళు ఇంకా తేరుకోలేదని లెక్క. ఆ రోజు బరువులు సగానికి తగ్గిస్తారు. వారమంతా అలాగే ఉంటే పోటీకి పేరు పంపరు.

ఇంట్లో అందరికంటే ముందు ప్రార్థనకు లేచేది నేనే కనుక ఆ పని నాకు వచ్చింది.

మొదటి నెల ఏ ఇబ్బందీ లేదు. తరువాత ఒకరోజు వంటింటి అరలో చీటీ లేని డబ్బా ఒకటి కనిపించింది. అమ్మాయి అందులోంచి తెల్లటి పొడి రెండు చెంచాలు తీసి నీళ్ళలో కలుపుతోంది.

"ఏమిటమ్మా అది?"

"పొడి, నాన్నా. మాస్టారు తాగమన్నారు."

"దానికి పేరు లేదా?"

"నువ్వే మంచి పేరు చూసి పెట్టు" అని నవ్వి, గటగటా తాగేసి వెళ్ళిపోయింది.

నాకు నవ్వు రాలేదు. ఆ మరునాడు నాడి అరవై. నాలుగు రోజులకు అరవై మూడు. అప్పటినుంచి ప్రతిదీ నా కంటికి వేరుగా కనబడసాగింది. అన్నం ముందు కూర్చుని ముద్ద చేతిలో ఉండగానే కునుకు తీస్తోంది. మెడ లావెక్కింది. మాస్టారు ఫోన్ చేసి, నిద్ర బాగా పట్టిందా అని అడుగుతున్నారు. పరాయి పిల్ల నిద్రతో ఆయనకేం పని?

"కసరత్తు చేస్తే మెడ లావెక్కక సన్నబడుతుందా?" అంది మా ఆవిడ. "మీకు అనుమానం పట్టుకుంటే వదలదు. మన పెళ్ళిలో ఫొటోలు తీసినతన్ని కూడా అలాగే చూశారు."

శుక్రవారానికి డెబ్బై అయింది. ఆరు రోజులుగా అరవై ఆరుకు తగ్గలేదు. శనివారం మధ్యాహ్నంలోగా పోటీకి పేర్లు పంపాలి. రెండేళ్ళుగా మా అమ్మాయి ఆ పోటీ కోసమే పొద్దున్నే పరుగెత్తుతోంది. ఆ రాసే చెయ్యి నాదే. ఒక్కరోజు అంకె తగ్గించి రాస్తే సరిపోతుందని నాకూ తోచింది. కానీ దేవుడికి దణ్ణం పెట్టిన చేత్తో అబద్ధం రాయలేకపోయాను. శనివారం డెబ్బై ఒకటి అని రాసి, డబ్బాను సంచిలో పెట్టుకుని అమ్మాయి వెంట బయలుదేరాను.

అదొక పాత గిడ్డంగి. లోపల ఇనుము వాసన, చెమట వాసన. నడుముకు తాళ్ళు కట్టుకున్న ఇద్దరమ్మాయిలు బరువులు పేర్చిన ఇనుప బల్లను ఈడుస్తున్నారు. ఒకతను బల్ల మీద పడుకుని, తల అంచు కిందికి వాల్చి, మెడతో బరువు ఎత్తుతున్నాడు. మా అమ్మాయి ఒక మూల చాప మీద కూర్చుని వాళ్ళను చూస్తోంది. వారం రోజులుగా ఆమె పని సగం చెయ్యడం, మిగతా సగం చూడడం.

డబ్బా తీసి మాస్టారి ముందున్న బల్ల మీద పెట్టాను. "మాస్టారూ, మా పిల్లకు ఏం పెడుతున్నారు?"

ఆయన మూత తీసి వాసన చూసి, చిటికెడు నోట్లో వేసుకున్నారు. "పాలపొడి."

"చీటీ ఎందుకు లేదు?"

"మీ ఇంటి డబ్బా గురించి నన్నడుగుతారేమండీ?"

"అమ్మ పాత డబ్బా కడిగి అందులో పోసింది, నాన్నా" అంది అమ్మాయి, తలెత్తకుండా.

"మరి నాడి ఎందుకు పెరుగుతోంది?"

"అదే నాకూ తెలియడంలేదు. మీ అంకెలు చూసి నాకు నిద్ర పట్టడంలేదు" అన్నారాయన. అమ్మాయిని చాప మీద దుప్పటి కప్పుకుని పది నిమిషాలు కదలకుండా పడుకోమన్నారు. తరువాత ఒక చెయ్యి ఆయన పట్టుకున్నారు, రెండో చెయ్యి నాకిచ్చారు. "ఇంట్లో ఎలా చూస్తారో అలాగే చూడండి."

కళ్ళు మూసుకుని లెక్కపెట్టాను. కళ్ళు తెరిచేసరికి ఆయన ఎప్పుడో ముగించి నన్నే చూస్తున్నారు.

"నాకు యాభై ఎనిమిది. మీకు?"

"డెబ్బై ఒకటి."

"మీ వాచీ ఏదండీ?"

అప్పుడు చెప్పక తప్పలేదు. దీపం వేస్తే పిల్ల లేస్తుందని చీకట్లోనే చూస్తాను. మా అమ్మ నేర్పిన ప్రార్థన ఒకటుంది. దాన్ని మనసులో ఒకసారి చదివితే సరిగ్గా నిమిషం. మొదట్లో గోడ గడియారంతో సరిచూసుకున్నాను కూడా.

"ఇప్పుడు పైకి చదవండి" అని ఆయన స్టాప్‌వాచ్ నొక్కారు.

చదివాను. 'నా బిడ్డకు హాని రానివ్వకు' అనే చోట ఆగాను. మళ్ళీ అన్నాను. మూడోసారీ అన్నాను. అలా అంటున్నానని అప్పటివరకూ నాకే తెలియదు.

"డెబ్బై నాలుగు సెకన్లు. పద్నాలుగు ఎక్కువ. ఆ చోట అంతసేపు దేవుడికి ఏం చెప్పుకుంటున్నారండీ?"

"మీ నుంచి కాపాడమని" అన్నాను.

అమ్మాయి దుప్పటి ముఖం మీదికి లాక్కుంది. నవ్విందో ఏడ్చిందో తెలియలేదు.

కానీ వారం రోజుల కసరత్తు పోయిన మాట నిజం. మాస్టారు గోడ మీది సుద్దగీత చూపించారు. నిలబడ్డ చోటునుంచి ఎగిరితే అమ్మాయి చెయ్యి అంతవరకు అందేది. "ఇప్పుడూ అందితే పేరు పంపుతాను."

మొదటిసారి రెండు వేళ్ళ మేర తక్కువైంది. నేను కళ్ళు మూసుకున్నాను.

"నాన్నా, కళ్ళు తెరువు. నీ ప్రార్థన అయ్యేసరికి మధ్యాహ్నం దాటుతుంది."

రెండోసారి ఎగిరింది. గీత మీద సగం వేలిముద్ర పడింది. మాస్టారు దగ్గరికి వెళ్ళి చాలాసేపు చూశారు. "అందింది" అని, కాగితం తీసి పేరు రాశారు.

ఇప్పుడు నాడి చూసేది మా ఆవిడ, చేతి వాచీతో. నేను ముందు గదిలో నాకు కావలసినంత నెమ్మదిగా ప్రార్థించుకుంటాను. ఆ మాట దగ్గర ఇంకా ఆగుతూనే ఉన్నాను. అనుమానం కలిసిన ప్రార్థనను దేవుడు ఎలా వింటాడో నాకు తెలియదు.

ఈ పొద్దున మా ఆవిడ బయటికొచ్చి యాభై ఏడు అంది.

"సరిగ్గా చూశావా?" అన్నాను.

"ఈ నోటు పుస్తకం మీద ఆన" అని, వాచీ విప్పి నా ఒళ్ళో పడేసి వంటింట్లోకి వెళ్ళింది.